గర్జించే జింక, ఏడో నంబరు డబ్బా

ఖానాపురం హవేలిలోని కిరాయి ఇంట్లో శనివారం పొద్దున జోయెల్ వేసుకున్న ప్లాన్ చిన్నదే. పన్నెండింటికల్లా కంప్యూటర్ ఆటలకు వాడే కోడ్ లైబ్రరీని సీ ప్లస్ ప్లస్ భాష నుంచి రస్ట్ భాషలోకి మార్చి ఆఫీసుకు పంపడం, అమ్మ చేతి కోడికూర తినడం, సోమవారం మహిమతో గోదావరిలో పడవెక్కడం. లైబ్రరీ పంపకపోతే సెలవు లేదు. పెళ్లయిన నలభై రోజుల్లో అదే వాళ్ల మొదటి షికారు.

అడ్డొచ్చింది జింక. అడవి ఆటలో పులి చావగానే కొత్తగా పుట్టిన జింక గర్జిస్తోంది. ఆ లైబ్రరీలో జంతువులకు పేర్లుండవు, అంకెలే. గుణాలన్నీ విడిగా పట్టికల్లో ఉంటాయి. మొన్న జోయెల్ దీన్ని వంటింటి డబ్బాలతో వివరిస్తే మహిమ ఎంత ముచ్చటపడిందంటే, ఇరవై రెండు డబ్బాల మీదా పేర్లు పీకేసి అంకెలు అతికించింది. పట్టిక ఒకటి ఫ్రిజ్ మీద, నకలు జోయెల్ కంప్యూటర్ పక్కన.

మహిమ పెరుగు కోసం వీధి చివరికి వెళ్లింది. జోయెల్ తల్లి మరియ పొయ్యి దగ్గర నిలబడింది. ఆమె కళ్లజోడు బోనకల్‌లో ఇంట్లోనే మరిచి రైలెక్కింది.

"ఉప్పు ఏ డబ్బాల ఉందిరా?"

"ఏడు," అన్నాడు జోయెల్, నకలు చూసి.

వేసింది. ఉప్పు తగల్లేదు. ఇంకో రెండు చెంచాలు వేసింది. కూర తియ్యగా అయింది. విరుగుడుగా కారం అడిగితే పన్నెండన్నాడు. అదీ వేశాక కూర నారింజపండు వాసన కొట్టింది.

మహిమ తిరిగొచ్చేసరికి మరియ గరిటె పట్టుకుని ఎదురుచూస్తోంది. "ఏంది బిడ్డా, మీరు కోడిని షర్బత్‌ల వండుతరా?"

మహిమ నాలుక కరుచుకుంది. నిన్న ఖాళీ అయిన డబ్బాలు కడిగి ఏడులో కేకు కోసం పొడి చక్కెర, పన్నెండులో షర్బత్ పొడి పోసింది. ఫ్రిజ్ మీది పట్టిక దిద్దింది. నకలు దిద్దలేదు.

"చెప్దామనే వచ్చిన జోయెల్, నువ్వు జింకను తిడుతున్నవ్. అయినా డబ్బా కడిగినప్పుడల్లా అంకె పక్కన ఇంకో గీత పెడుతున్న గదా. నీ కాగితంల ఏడుకు ఒకటే గీత, డబ్బా మీద రెండు. గీతలు కలవకుంటే ఆ కాగితం పాతదన్నట్టు."

జోయెల్ లేచి నిలబడ్డాడు. పాత లైబ్రరీలో ప్రతి అంకె పక్కనా సరిగ్గా అలాంటి గీతే ఉండేది. దండగనుకుని తనే వదిలేశాడు. చచ్చిన పులి అంకె కొత్త జింకకు వచ్చింది, పులి గర్జన ఆ అంకెనే పట్టుకుని వేలాడుతోంది.

గీత మళ్లీ పెట్టాక, పదకొండూ యాభైకి జింక నోరు మూసుకుంది. లైబ్రరీ ఆఫీసుకు వెళ్లింది, సెలవు మంజూరైంది. ముగ్గురూ పెరుగన్నంలో మామిడికాయ పచ్చడి నంజుకుని, నవ్వుకుంటూ తిన్నారు.

అప్పట్నుంచి మరియ కొడుకింటికి ఎప్పుడొచ్చినా ఉప్పు వెంట తెచ్చుకుంటోంది.