ఇరవై రెండు నిమిషాల పొడి

"సత్తువ పొడి, షూ, మేజోళ్లు! ఈ మూడూ ఉంటే సామాన్యుడు కూడా పరుగులో మెరుగుపడతాడని శాస్త్రీయంగా నిరూపిస్తాం. మొదట నేనే పరిగెడతాను!" అని క్రీడల మంత్రిగారు ప్రకటించగానే మీటింగ్ హాలు చప్పట్లతో మారుమోగింది. అప్పటిదాకా ఆయన లిఫ్టు దాకా గబగబా నడవడం కూడా ఎవరూ చూడలేదు. నాయకుడంటే అలా ఉండాలి. ఫలితం ముందే తెలిసినవాడే ధైర్యంగా ప్రయోగానికి దిగుతాడు.

ఆ ప్రకటనను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటున్న స్టెనో పెన్సిలు ఆపి తలెత్తింది. ఆరేళ్లుగా ఆవిడ రోజూ పొద్దున్నే ఆఫీసు వెనక పార్కు చుట్టూ పది రౌండ్లు పరిగెడుతోంది. పది రౌండ్లంటే ఐదు కిలోమీటర్లు. అరగంటలోపు ముగించాలని పంతం. కిందటి నెల ముగించింది కూడా. ఆ మాట ఇంట్లో చెబితే అత్తగారు కళ్లజోడు పైనుంచి చూశారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు.

"నీ పేపరు నువ్వే దిద్దుకుని మార్కులేసుకుంటే ఎలాగే? సర్కారు కాగితం మీద రాసిస్తే నమ్ముతా," అన్నారు.

ఆ మాట స్టెనోకి ముల్లులా గుచ్చుకుంది. అందుకే ప్రయోగానికి మనుషులు కావాలనగానే మొదట చెయ్యెత్తింది.

మొత్తం ఏడుగురు తేలారు. పొడి డబ్బాలు మాత్రం ఆరే వచ్చాయి. కార్యదర్శిగారు వాటిని హోదా ప్రకారం పంచారు. మంత్రిగారితో మొదలై ఐదుగురు అధికారులతో డబ్బాలు అయిపోయాయి. ఏమీ దొరకని స్టెనోని చూసి ఆయన క్షణంలో తేల్చేశారు.

"శాస్త్రంలో పొడి వాడనివాళ్లు కూడా ఒకరుండాలమ్మా. అది నువ్వు."

అంతటి శాస్త్రజ్ఞానం ఆయనలో ఉందని అప్పటిదాకా ఆయనకీ తెలియదు.

పరుగు రోజున అదే పార్కులో పది రౌండ్లకి మంత్రిగారు వేగం కోసం అడుగున కార్బన్ పలక ఉన్న షూ వేసుకుని, మోకాళ్ల దాకా బిగుతు మేజోళ్లు లాక్కుని, పొడి కలిపిన నీళ్లు రెండు గ్లాసులు తాగి బయల్దేరారు. రెండో రౌండులో ఫొటో కోసం ఆగారు. నాలుగో రౌండులో ప్రజాసమస్యలు వినడానికి బెంచీ మీద కూర్చున్నారు. బెంచీ దగ్గర ప్రజలెవరూ లేకపోయినా పావుగంట ఓపిగ్గా విన్నారు. ఇద్దరు అధికారులకు పొడి కడుపులో పనిచెయ్యడం మొదలుపెట్టడంతో వాళ్లు మధ్యమధ్యలో పరుగు దిశ మార్చుకోవాల్సి వచ్చింది. పాత కాన్వాస్ షూతో స్టెనో అందరికంటే ముందొచ్చింది. అటెండరు స్టాప్‌వాచ్ చూసి గట్టిగా చదివాడు. "ఇరవై తొమ్మిది నిమిషాల నలభై ఒక్క సెకన్లు!"

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చిట్టచివర మంత్రిగారు యాభై రెండు నిమిషాల పది సెకన్లకు విచ్చేశారు.

మధ్యాహ్నం కార్యదర్శిగారు స్టెనోని పిలిచి జాబితా టైపు చెయ్యమన్నారు.

"పేర్లు హోదా ప్రకారం పైనుంచి కిందికి రాయి. మన ఆఫీసులో ఏ జాబితా అయినా అంతే కదా. టైములు తక్కువనుంచి ఎక్కువకి రాయి. పరుగుపందెం జాబితా ఎక్కడైనా అంతే."

"సార్, అలా అయితే నా టైము మంత్రిగారికి..."

"రెండు నిబంధనల్లో ఏది తప్పో చెప్పు, మార్చేద్దాం."

రెండూ తప్పు కాదు. మంత్రిగారి పేరెదురుగా ఇరవై తొమ్మిది నలభై ఒకటి, అట్టడుగున తన పేరెదురుగా యాభై రెండు పది, తన వేళ్లతో తనే టైపు కొట్టింది. తప్పు కొట్టినా బాగుండేదనిపించింది గానీ పదిహేనేళ్ల సర్వీసులో ఆ అలవాటు లేదు.

సంతకం పెట్టబోతూ మంత్రిగారు చివరి గడి చూసి కరిగిపోయారు.

"అయ్యో, యాభై రెండా! నేను డబ్బా తెప్పిస్తా, వాడి వచ్చేవారం మళ్లీ పరిగెత్తమ్మా. పొడి లేకుండా మనిషి ఎంత అవస్థ పడతాడో నాకు తెలుసు."

యాభై రెండు నిమిషాల అవస్థ ఆయనకు నిజంగానే తెలుసు.

స్టెనో ప్రాణం లేచొచ్చింది. తన టైము కాగితం మీద పడడానికి ఇంకో అవకాశం! డబ్బా ఇంటికి తీసుకెళ్లింది. గాలికి కొట్టుకునే వంటింటి తలుపుకి అడ్డం పెట్టింది. రోజూలాగే పరుగు తీసింది.

రెండో పరుగుకి విలేకరులు కూడా వచ్చారు. మొదలుపెట్టే ముందు కార్యదర్శిగారు ఆవిడను పక్కకి పిలిచారు.

"బాగా పరిగెత్తు. కానీ మంత్రిగారి టైము దాటకు."

"అది నా టైమే కదండీ!"

"అందుకే నీకు కష్టం కాదంటున్నా."

ఆ కోపంతోనో ఏమో, కాళ్లు ఎన్నడూ లేనంత తేలిగ్గా ఆడాయి. పదో రౌండు మలుపు తిరిగేసరికి ఇరవై తొమ్మిది నిమిషాలు కూడా కాలేదు. గీతకి అవతల కార్యదర్శిగారు నిలువుగుడ్లేసుకుని చూస్తున్నారు. ఇప్పుడు దాటితే ఈ కాగితం కూడా ఏమవుతుందో ఆవిడకు తెలుసు. గీతకి అడుగు దూరంలో ఆగింది. వంగి, ముడి ఊడని షూ లేసు విప్పింది. మళ్లీ కట్టింది. సెకన్లు పైకి లెక్కపెడుతున్న అటెండరు "నలభై రెండు" అనగానే గీత దాటింది.

"ఇరవై తొమ్మిది నలభై రెండు!" అని మంత్రిగారు ఎగిరి గంతేశారు. ఆయన ఆనందంలో కల్మషం లేదు. యోగ్యతాపత్రం అక్కడికక్కడే సంతకమైంది.

ఇంటికెళ్లి దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు.

"వారం రోజుల వాడకంలో ఒక సాధారణ ఉద్యోగిని విషయంలో ఇరవై రెండు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్ల మెరుగుదల సాధించినందుకు, ఈ పత్రం పొడికి ప్రదానం చేయడమైనది."

లెక్కల టీచరు కదా, యాభై రెండు పదిలోంచి ఇరవై తొమ్మిది నలభై రెండు తీసేసి చూసుకున్నారు. సరిపోయింది.

"తీసివేత కరెక్టే. నమ్మాల్సిందే," అన్నారు.

"అత్తయ్యా, నేను దాని సీలు కూడా తియ్యలేదు!"

అత్తగారు అప్పటికే వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గర డబ్బా తీసుకున్నారు. తలుపు టపామని కొట్టుకుంది.

"పొద్దున్నే నా మోకాళ్ల నొప్పికి ఎన్ని చెంచాలు వేసుకోవాలే?" అంటూ సీలు పీకారు.