ఉసిరివాగు దగ్గర అధికారిక ఆనందం

ఆనందం మనిషి సొంత వ్యవహారమనే పాత భ్రమను ప్రజా సంతోష విభాగం ఈ ఏడాది అధికారికంగా రద్దు చేసింది. (అలాంటి విభాగం ఒకటుందని తెలియనివాళ్లు ఇప్పటికే సంతోషంగా ఉన్నట్టు లెక్క.) ఇకపై ప్రతి ఉద్యోగీ రొటీన్ నుంచి బయటపడి, ప్రకృతి ఒడిలో సేదతీరి, ఆ సంగతిని సాయంత్రంలోగా యాప్‌లో నమోదు చేయాలి.

ఖమ్మం ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ రాజ్యశ్రీకి ఈ యాప్ మొదటిరోజే కొంప ముంచింది. 'మీకు ఎక్కడ సంతోషంగా ఉంటుంది?' అని అడిగితే, లోకజ్ఞానం ఉన్న తోటి ఉద్యోగులంతా 'ఆఫీసులో' అని కొట్టి టీకి వెళ్లిపోయారు. ఈవిడ నిజం రాసింది. రెండో శనివారం ఎవరికీ చెప్పాపెట్టకుండా భద్రాచలం బస్సెక్కి, అడవి మొదలయ్యేచోట ఉసిరివాగు దగ్గర దిగి, చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. ఒడ్డున గోరి అనే లంబాడీ ఆవిడ తునికిపళ్లో పరికిపళ్లో అమ్ముతుంది. అవి తింటూ కూర్చుంటే పొద్దుగూకేదాకా ఎవరినీ 'సార్' అనే పని ఉండదు. నెలంతా ఆఫీసును భరించే ఓపిక ఆమెకు ఆ ఒక్కరోజులోంచే వచ్చేది. పిచ్చి మనిషి, అదంతా రాసి ఫొటో కూడా పెట్టింది.

సంతోషాధికారి మురళీకృష్ణ పిలిపించారు. మనిషి మంచివాడే, సర్క్యులర్‌లో ఉన్నచోటల్లా నవ్వుతాడు.

"గిన్నేండ్లు పర్మిషన్ లేకుండనే సంతోషపడ్డరా మేడం? రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే నేనేం చెప్పాలె?"

ఆ వాగు జోలికి మాత్రం రావద్దని, ఆ ఒక్క శనివారం తనకు వదిలేయమని రాజ్యశ్రీ బతిమాలింది. కావాలంటే మిగతా రోజులన్నీ ఆఫీసులోనే సంతోషంగా ఉంటానని మాట కూడా ఇచ్చింది. అంత త్యాగానికి రూల్సు ఒప్పుకోవన్నారాయన.

తర్వాత పనులు జల్దీగా సాగాయి. (ఒకరి సుఖం చెడగొట్టేటప్పుడు ఫైలు ఏ టేబుల్ మీదా ఆగదు.) వాగుకు కంచె పడింది. కంచెకు గేటు, గేటుకు టికెట్టు, టికెట్టుకు క్యూ. నీళ్లలో కాళ్లు పెట్టడం నిషేధం, చూసి ఆనందించవచ్చు. సిగ్నల్ రోడ్డు మీదే అందుతుంది కనుక, వచ్చినవాళ్లంతా అడవికి వీపు పెట్టి, ఫోన్లు పైకెత్తి, పళ్లు కనబడేలా నవ్వి ఆనందాన్ని నమోదు చేసుకుంటారు. పెదవులు మూసి నవ్వినవాళ్లను యాప్ ఒప్పుకోదు. గోరి పళ్లకు ఆమోదం లేదని ఆమె బుట్టను గేటు బయటికి జరిపారు.

ఈ ఆనంద కేంద్రానికి ఇన్‌చార్జి కావాల్సి వస్తే, స్థలంలో పూర్వానుభవం ఉన్న ఏకైక ఉద్యోగి అని రాజ్యశ్రీనే వేశారు. జనం ఎక్కువగా వచ్చేది రెండో శనివారమే గనుక ఆ రోజు డ్యూటీ తప్పనిసరి.

గోరి ఒకరోజు కౌంటర్ దగ్గరికొచ్చి ఆమెను ఎగాదిగా చూసింది.

"వాగు ఎనక దిక్కున్నది గద బిడ్డా, నువ్వేంది రోడ్డు దిక్కు మళ్లి కూసున్నవ్?"

రాజ్యశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. క్యూలోవాళ్లు తొందరపెడుతుంటే తుడుచుకునే తీరిక కూడా దొరకలేదు.

ఒక్క శనివారం సెలవు ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. రోజూ అడవిలోనే ఉంటూ ఇంకా సెలవెందుకని మురళీకృష్ణ గారు ఆశ్చర్యపోయారు. ఆ సాయంత్రం జనమంతా వెళ్లిపోయాక, ఆమె యాప్ తెరిచి తన పేరు మీద ఆనందం నొక్కి చూసింది.

'సిబ్బందికి వర్తించదు' అని వచ్చింది.