నెవిల్ గేరుబాక్సు చల్లబడిన వైనం

శుక్రవారం ఉదయం నెవిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, బండి గేరుబాక్సుకి నూనె చల్లార్చే కూలరు బిగించడం, భోజనం వేళకి చేతులు కడుక్కోవడం. మర్నాడు తెల్లవారగానే వెనక కారవాన్ అనే చక్రాల ఇల్లు తగిలించుకుని, భార్య డెస్లీతో ఎడారి దారిన ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లాలి. అక్కడ డెస్లీ అక్క ఉంది. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏళ్లు గడిచాయి. కిందటేడు బయల్దేరారు గానీ, కారవాన్ బరువుకీ ఇసుకకీ గేరుబాక్సులో నూనె సలసలా కాగిపోయి, సగం దారిలోంచి లారీ మీద ఊరేగుతూ వెనక్కి వచ్చారు.

"ఈసారి గానీ తిరిగొచ్చామంటే నేను బస్సెక్కుతాను. అదీ ఒక్కదాన్నే," అంది డెస్లీ, కప్పులు కడుగుతూ. "పోనీ ఆ డారిల్‌ని సాయం పిలవకూడదూ?"

"రెండు పైపులు, నాలుగు బోల్టులు. దీనికి డారిల్ ఎందుకే?"

వాలబిండా ఊళ్లో నెవిల్ చెయ్యి పడని పంపుసెట్టు లేదు, ఆయన బతికించని గడ్డికోత యంత్రం లేదు. కానీ తన పనికి ఇంకొకరు బోల్టు పట్టుకున్నా ఆయనకి నామోషీ. చేసిపెట్టడం తెలుసు గానీ చేయించుకోవడం తెలియదు. అదో జబ్బు. ఆ ఊరి మగవాళ్లలో చాలామందికి ఉంది.

డెస్లీ కేకులు చెయ్యడానికి మహిళా సంఘం హాలుకి వెళ్లింది. నెవిల్ బండి ముందు జాలీ విప్పి, రేడియేటరుకి ఎదురుగా కూలరు బిగించాడు. దానికి ఒక పైపు తొడిగాడు. ఆ పైపు ఊడకుండా వెయ్యాల్సిన క్లిప్పు ఎక్కడైనా పడిపోతుందేమోనని జాగ్రత్తగా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇక గేరుబాక్సు గొట్టాలు రెండింటిలో నూనె దేన్లోంచి బయటికొస్తుందో తేలాలి. దానికి మామూలుగా ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఇంజను వెయ్యాలి, ఒకరు గొట్టం కింద సీసా పట్టాలి.

నెవిల్ ఒక్కడే ఇద్దరయ్యాడు. గొట్టాన్ని సీసాలోకి దూర్చి, ఇంజను వేసి, పరుగున ముందుకొచ్చాడు. ఆ వయసుకి అది మంచి పరుగే, కానీ నూనె ఇంకా బాగా పరిగెత్తింది. గొట్టం సీసాలోంచి ఎగిరి, ఆయన్నీ, వాకిలినీ, పక్కింటి వాల్మా తెల్లకుక్కనీ తడిపేసింది. గేరుబాక్సు నూనె ఎర్రగా ఉంటుంది, అచ్చం కోడి కోసినప్పటి ఎరుపు.

ఇంజను ఆపి, టార్చి పళ్ల మధ్య కరిచిపట్టుకుని, గొట్టం కోసం ఆయన బండి కిందకి వెల్లకిలా దూరాడు. సరిగ్గా అప్పుడే వాల్మా కుక్కని వెతుక్కుంటూ వచ్చింది. ఎర్రటి కుక్క, వాకిట్లోంచి కాలవలోకి పారుతున్న ఎరుపు, బండి కింద రెండు బూట్లు ఆమెకి కనిపించాయి.

"నెవ్! బతికున్నావా నాయనా?"

"ఊఁ... ఊఁ..." అని మూలిగాడు నెవిల్. ధైర్యం చెబుదామని చెయ్యి బయటికి చాపి ఊపాడు. ఆ చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది.

వాల్మా ఈమధ్యే ప్రథమ చికిత్స తరగతికి వెళ్లొచ్చింది. దెబ్బ తగిలిన మనిషిని కదపకూడదు, ముందు ఫోన్ చెయ్యాలి. అంబులెన్సు ఎక్కడో దూరాన గొర్రెల దొడ్డి దగ్గర ఉందన్నారు. అందుకని అగ్నిమాపక దళానికీ, ఆ తరవాత మహిళా సంఘానికీ ఫోన్ చేసింది. వరదలప్పుడు ఆడవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది, ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరూ నలుగురికి చెప్పాలి. మొదటి ఫోనులో నెవిల్ బండి కింద పడ్డాడు. తరవాతి ఫోనులో కాలు పోయింది. ఊరి చివరికి చేరేసరికి మనిషే పోయాడు. పోతూ పోతూ డెస్లీ పేరు పలవరించాడు కూడా.

ఆ ఊళ్లో ఎవరింట ఆపద వచ్చినా ఆ ఇంటికి వండి పంపడానికి ఆడవాళ్లు ముందు ఓవెన్ వెలిగిస్తారు, ఏడుపు తరవాత.

అగ్నిమాపక దళం అంటే డారిల్, అతని వెనక ఊళ్లో తీరిక ఉన్న నలుగురు. "అందరూ వెనక్కి! అన్నా, కళ్లు మూయకు, నేనొచ్చేశా!" అని అరుస్తూ డారిల్ బండి ముందు భాగంలో ఇనపకడ్డీ గుచ్చి పైకి లేపాడు. కొత్త కూలరు అప్పడంలా నలిగింది. మిగతావాళ్లు బూట్లు పట్టి లాగారు. నెవిల్ టార్చి ఉమ్మేసి, "ఒరే, ఆగండ్రా! అది నూనెరా!" అంటూ లేవబోయి బంపరుకి తల బాదుకున్నాడు. అప్పటిదాకా లేని దెబ్బ అప్పుడు తగిలింది.

డెస్లీ చేతులకి పిండితోనే పరిగెత్తుకొచ్చింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నానే."

"అయితే నేనే చంపుతా!" అని గట్టిగా వాటేసుకుని, వలవలా ఏడ్చి, తానూ ఎర్రబడింది. అప్పుడు కూలరు చూసింది. బస్సు వేళలు చూసుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

"అంతా నా వల్లే," అని వాల్మా గుమ్మం మీద కూలబడింది. డారిల్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అన్నా, నా బండికి ఉన్నదీ ఇదే సైజు. ఇప్పుడే విప్పుకొస్తా."

"వద్దురా. నా తిప్పలేవో నేను..."

"నువ్వు నోర్ముయ్యి. ఇన్నేళ్లూ మా మోటార్లన్నీ నువ్వే బాగుచేశావ్. ఒక్కసారి నీకేమన్నా చేద్దామంటే సందిచ్చావా? నువ్వు చస్తే గానీ మాకు అవకాశం రాలేదు!"

నెవిల్‌కి ఈ మనుషుల మధ్య ఇన్నాళ్లు బతికి, వీళ్ల చేతులు ఖాళీగానే ఉంచానే అనిపించింది. మోచేత్తో కళ్లు తుడుచుకుని, "నూనె పడింది," అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

డారిల్ నలిగిన కూలరు తీయబోతే పైపు దానంతటదే చేతిలోకి ఊడొచ్చింది. "దీని క్లిప్పేదన్నా?"

నెవిల్ జేబు తడుముకున్నాడు. క్లిప్పు అక్కడే, పోకుండా భద్రంగా ఉంది.

బస్సు వేళల కాగితంతో బయటికొచ్చిన డెస్లీ అది చూసింది. "అంటే రేపు...?"

"ఎడారి మధ్యలో ఊడేది," అన్నాడు నెవిల్ తలదించుకుని. "ఫోను కూడా పలకని చోట."

డెస్లీ కాగితం ఉండచుట్టి, వెళ్లి వాల్మాని కౌగిలించుకుంది. "నీ కడుపు చల్లగుండ! నీ తొందరపాటే మమ్మల్ని కాపాడిందే తల్లీ."

డారిల్ తన బండి కూలరు విప్పుకొచ్చాడు. తరవాత పని అరపూట కూడా పట్టలేదు. వాల్మా ఇంజను వేసింది, డారిల్ సీసా పట్టాడు. నెవిల్ తలకి కట్టుతో కుర్చీలో కూర్చుని, జీవితంలో మొదటిసారి తన బండి పని వేరేవాళ్లు చేస్తుంటే చూశాడు. క్లిప్పు మాత్రం ఆయనా లేచొచ్చి, ముగ్గురూ మూడుసార్లు బిగించారు. అలా చేయించుకోవడం అంత కష్టంగా ఏమీ లేదని, పైగా హాయిగానే ఉందని ఆయనకి తెలిసొచ్చింది.

ఈలోగా గాజుగిన్నెలు రావడం మొదలైంది. గొర్రెమాంసం, మకరోనీ, చేప, మళ్లీ మకరోనీ. ప్రతి గిన్నె అడుగునా ఇంటావిడ పేరు రాసిన పట్టీ. నెవిల్ చావలేదని తెలిసి అందరూ సంతోషించారు గానీ, ఒక్కరూ గిన్నె వెనక్కి పట్టుకెళ్లలేదు. తెచ్చినది తిని, గిన్నెలో ఏదో ఒకటి పెట్టి తిరిగివ్వడమే పద్ధతి. మర్నాడు ఆ గిన్నెలన్నీ కారవాన్ ఎక్కాయి.

ఎడారిలో గేరుబాక్సు ఎక్కడా వేడెక్కలేదు. అక్కాచెల్లెళ్లు గేటు దగ్గరే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మకరోనీ తిన్నారు. నెల రోజులు ఉందామని వెళ్లిన డెస్లీ వారం తిరక్కుండానే సామాను సర్దింది. గిన్నెలు తిరిగివ్వాలిగా, వాల్మాకి మంచి గిన్నె తాము తెచ్చిన అదొక్కటేనట.