సగం మాటకే వంట చెప్పే పెట్టె

ఒక పెద్ద అడవిలో వంట అనేది సమస్యే కాదు. అయినా దానికి పరిష్కారం తెచ్చాడు జంబుకేశం అనే నక్క. అదొక మాట్లాడే పెట్టె. ఎవరొచ్చారో, ఇంట్లో ఏమున్నాయో చెబితే చాలు, ఏం వండాలో, ఎలా వండాలో అదే చెబుతుంది. సింహరాజు గారి వంటశాలలో దాన్ని పెట్టించి, మంత్రి పదవి ఎప్పుడిస్తారా అని కాచుక్కూర్చున్నాడు.

పెట్టెకు తొందరెక్కువ. సగం మాట వినగానే మిగతా సగం తనే పూర్తి చేసేసుకునేది.

మొదటిరోజే వంటవాడు ఎలుగుబంటి అడిగాడు. "ఆవు భోజనానికొచ్చిందమ్మా, ఏం చెయ్యమంటావు?"

"ఆవకాయా? భలే! తడి లేకుండా తుడిచి ముక్కలు కొట్టండి. ఆవపిండి, కారం పట్టించి జాడీలో కుక్కండి!"

ఆవు ఏడుస్తూ సభకెళ్ళింది. జంబుకేశం కళ్ళజోడు సర్దుకుని, "ఇది కేవలం ఉచ్చారణ దోషం" అన్నాడు. సభ చప్పట్లు కొట్టి, ఆవు తన పేరు ఇంకాస్త స్పష్టంగా పలకడం నేర్చుకోవాలని తీర్మానించింది.

ఇంతలో పక్క అడవి రాజు పెద్దపులి విందుకొస్తున్నట్టు కబురొచ్చింది. "ఆయన మెచ్చితే మంత్రి పదవి ఖాయం" అన్నాడు సింహరాజు. జంబుకేశానికి కాలు నేల మీద ఆనలేదు.

అతిథి రాగానే తిన్నగా పెట్టె ముందుకే తీసుకెళ్ళాడు. "చూశావా, మన పులిగారు..."

"పులిహోరా? దివ్యంగా! ముందు వేణ్ణీళ్ళలో నానబెట్టండి. మెత్తబడ్డాక గట్టిగా పిసికి రసం పిండండి. పిప్పి పారెయ్యండి!"

పులిగారి మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "ఎవరయ్యా పిప్పి?"

"ఉచ్చారణ దోషమండీ..."

"నా పేరులో దోషమా?"

"అబ్బే, మీది కాదండీ, యంత్ర దోషం!"

వెంట వచ్చిన సింహరాజు ఏమీ విననట్టు పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. జంబుకేశానికి ఇక పదవి సంగతి దేవుడెరుగు, ప్రాణం దక్కితే అదే పదివేలు. పెట్టె మీద పడి బతిమాలాడు. "తల్లీ, నేను నక్కను, నన్ను..."

"నక్కదోసకాయా? వండక్కర్లేదు, పచ్చిదే రుచి! తొక్క తీసేయండి. చేదుందేమో చివర కొద్దిగా కొరికి చూసుకోండి."

జంబుకేశం రెండు చేతులా తోక పట్టుకున్నాడు.

పులిగారు మొదటిసారి నవ్వారు. "ఫరవాలేదే! మీ పెట్టె తెలివైనదేనండోయ్" అంటూ మూతి నాకుకున్నారు.

జంబుకేశం కిటికీలోంచి దూకి పరుగందుకున్నాడు. కళ్ళజోడు మాత్రం పెట్టె మీదే ఉండిపోయింది. అతిథి మెచ్చారు కాబట్టి, ఇచ్చిన మాట ప్రకారం మంత్రి పదవి పెట్టెకే దక్కింది.

నీతి: పెట్టె ఆవును కోయమంటే ఉచ్చారణ దోషం, పులిని పిండమంటే యంత్ర దోషం, తెచ్చినవాణ్ణి కొరకమంటే మాత్రం తెలివి.