గంట కొట్టాక వెళ్లవచ్చు

పనిచేస్తున్న మనిషిని పని మాన్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, "నీకు పని మీద శ్రద్ధ ఉందా?" అని అడగడం నాగరికత ఎక్కిన శిఖరాలలో ఒకటి. పూర్వం ఈ సౌకర్యం లేదు. ఎవడు పనిమంతుడో తెలియాలంటే వాడు పనిచేస్తుండగా వెళ్లి చూడవలసి వచ్చేది. ఎండ తగిలేది, కాళ్లు పీకేవి, ఒక్కోసారి చూడబోయినవాడికే ఏదో ఒక పని తగులుకునేది. ఇప్పుడు ఆ బాధలేవీ లేవు. ఫ్యాను కింద కూర్చుని ఇరవై నాలుగు ప్రశ్నలతో శ్రద్ధను కొలుస్తున్నారు.

ఒక బడి ఉంది. బడికి ఒక గంట ఉంది. గంట అంటే గంట కాదు, వరండా దూలానికి వేలాడదీసిన మూరెడు రైలు పట్టా ముక్క. పక్కన మేకుకు ఒక ఇనప కడ్డీ. కడ్డీ పట్టుకునే చోట పాత నీలం గుడ్డ చుట్టి ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఆ కడ్డీని ఒకే చెయ్యి పట్టుకుంటోంది. ఆ చేతిగల మనిషిని పిల్లలు గంట మాస్టారు అంటారు. (అసలు మాస్టార్లకు ఇది అంతగా నచ్చలేదు గాని, పిల్లల నోటికి ఉత్తర్వులు వర్తించవని పెద్ద టీచరుగారు తేల్చేశారు.)

గంట మాస్టారిది టెంపరరీ ఉద్యోగం. ఆ పంతొమ్మిదేళ్లలో బడి ప్రహరీ రెండుసార్లు కూలి రెండుసార్లు లేచింది. పర్మనెంటు మాస్టార్లు పదకొండుమంది వచ్చి వెళ్లిపోయారు. కదలకుండా ఉన్నది టెంపరరీ ఆయనొక్కరే.

ఆయన చేతికి వాచీ ఉంది కాని అది పెళ్లినాటిది, ఆగిపోయి చాలా కాలమైంది. వేళ తెలియడానికి ఆయనకు వాచీ అక్కర్లేదు. ఎండ వరండా మెట్లలో ఏ మెట్టు దాకా దిగిందో చూస్తారు. మబ్బుపట్టిన రోజున చెవి ఒగ్గి వింటారు. పీరియడ్ అయిపోవడానికి మూడు నిమిషాల ముందు తరగతుల రొద శ్రుతి మారుతుంది. పెద్ద టీచరుగారు రోజూ ఆయన కొట్టే మొదటి గంట విని గోడ గడియారం సరిచేసుకుంటారు. తనిఖీ అధికారి ఏటా వచ్చి, ఆ గోడ గడియారం చూసి, "గంట కచ్చితంగా వేళకు కొడుతున్నారు" అని రాసి సంతకం పెడతాడు. ఇంతవరకు ఒక్క నిమిషం తేడా రాలేదు.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గంట కొట్టే ఉద్యోగాన్ని పర్మనెంటు చేశారు. అంత చేశాక పాత పేరు బాగుండదని "కాలవిభజన సూచనా నిర్వాహకుడు" అన్నారు. ఇంటర్వ్యూలో వందకు అరవై మార్కులు రావాలి. వచ్చే నెలతో గంట మాస్టారికి వయోపరిమితి దాటిపోతుంది. అంటే ఆయనకు ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. తప్పితే ఆ కడ్డీ ఇంకొకరి చేతికి పోతుంది.

ఆయన్ని తయారుచేసే బాధ్యత బావమరిది నెత్తినేసుకున్నాడు. అక్క పోయిననాటి నుంచి ఆ ఇంట్లో మిగిలింది బావా బావమరిదే. బావమరిదికి ముప్పై ఒక్క ఇంటర్వ్యూల అనుభవం ఉంది. (ఉద్యోగానుభవం అడక్కండి. అన్నీ ఒకరికే ఉండవు.)

"బావా, నీ బలహీనత ఏంటని అడుగుతారు. ఏం చెప్తావ్?"

గంట మాస్టారు గిన్నె తోముతూ ఆలోచించారు. "మోకాలు."

"మోకాలు కాదు బావా. 'పని మొదలుపెడితే ఆపమన్నా ఆపలేనండీ, అదే నా బలహీనత' అనాలి."

"గంట కొట్టేవాడు అలా అంటే భయపడతార్రా."

"నిజం చెప్పకు బావా. నిజాలు చెప్పే నేను మొదటి తొమ్మిదీ పోగొట్టుకున్నాను."

"మరి మిగతా ఇరవై రెండు?"

"అవి అబద్ధాలు చెప్తే పోయాయి. కానీ మర్యాదగా పోయాయి. సరే, ఐదేళ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నావ్?"

"వరండాలో."

"నీకు చెప్పేకంటే ఆ రైలు పట్టాకి చెప్పుకోవడం నయం."

"అది సరేగాని, నువ్వెందుకు పెట్టావురా దరఖాస్తు?"

బావమరిది తువ్వాలు అందించాడు. "ఒక్కడే వస్తే ఇంటర్వ్యూ చెల్లదట బావా. పక్కన ఓడిపోయేవాడొకడు ఉండాలి. ఆ పనిలో నన్ను మించినవాడు నీకెక్కడ దొరుకుతాడు?"

గంట మాస్టారు ఆ పూట క్యారేజీలో బావమరిది వాటా కొంచెం ఎక్కువ సర్దారు.

శ్రద్ధా నిర్ధారణ సంఘం సైన్సు గదిలో కొలువుతీరింది. అధ్యక్షుడు, నిబద్ధతాధికారిణి, చెప్పింది చెప్పినట్టు రాసుకునే గుమాస్తా, ముగ్గురు. (మూలనున్న అస్థిపంజరం సభ్యుల లెక్కలోకి రాదు.) తలుపుకు "లోపల శ్రద్ధ కొలుస్తున్నారు, ఎవరూ రాకూడదు" అని బోర్డు వేలాడదీశారు. నియమం పద్నాలుగు ప్రకారం ఇంటర్వ్యూకు ఒక పీరియడ్ గడువు. గంటతో మొదలై గంటతో ముగియాలి. ఈ మధ్యలో అభ్యర్థి బయటికి వెళితే అనర్హుడు. సభ్యుడు వెళితే ఆ ఉద్యోగమే రద్దు.

గంట మాస్టారు మూడో పీరియడ్ గంట కొట్టి, కడ్డీ మేకుకు తగిలించి, మోకాలు పట్టుకుని గబగబా గదిలోకి వచ్చారు.

"ఆలస్యం," అన్నాడు అధ్యక్షుడు. "గంట మోగేసరికి కుర్చీలో ఉండాలి."

"గంట కొట్టింది నేనేనండీ."

"మరి వేళయిందని అందరికంటే ముందు నీకే తెలియాలి కదా."

ఇది కాదనలేని మాట. సమయపాలన కింద ఐదు మార్కులు తగ్గాయి.

"నీ బలహీనత ఏమిటి?" అంది నిబద్ధతాధికారిణి.

బావమరిది నేర్పిన వాక్యం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "మోకాలండీ," అన్నారు. గుమాస్తా "కదలిక పట్ల విముఖత" అని రాసుకున్నాడు.

"వేళ విషయంలో ఎప్పుడైనా తప్పు చేశావా?"

"చేశానమ్మా. పరీక్షల్లో ఆఖరి గంట ఒక్క ఊపిరి ఆగి కొడతాను. నాలుగో గది కిటికీ పక్కన ఎవరో ఒకరు ఇంకా ఆఖరి వాక్యం రాస్తుంటారు. ఏటా ఉంటారు. పిల్లలు మారతారు గాని ఆ వాక్యం మాత్రం మిగిలే ఉంటుంది."

"ఊపిరి అంటే ఎన్ని సెకన్లు?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆ పిల్ల ఎంత గుండ్రంగా రాస్తుందో దాన్నిబట్టండీ."

"ఏటేటా ఉద్దేశపూర్వక ఆలస్యం" అని నమోదైంది. పది మార్కులు పోయాయి. తరువాతి ప్రశ్న, "చేస్తున్న పని మధ్యలో వదిలేసి వెళ్లే అలవాటు ఉందా?" అన్నది. సరిగ్గా అప్పుడే మూసిన తలుపు సందులోంచి వచ్చే రొద శ్రుతి మారింది. గంట మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఎక్కడికి?"

"వేళయిందండీ."

"కూర్చో. గంట కొట్టాక వెళ్లవచ్చు."

"కొట్టేది నేనండీ."

అధ్యక్షుడు గుమాస్తా వైపు తిరిగాడు.

"గంట కొట్టవలసింది ఎవరు?"

"టెంపరరీ ఉద్యోగి అండీ."

"అతనెక్కడున్నాడు?"

గుమాస్తా రిజిస్టరు చూశాడు. "ఇంటర్వ్యూలో ఉన్నాడండీ."

"ఇంటర్వ్యూ ఎప్పుడు అయిపోతుంది?"

"గంట కొట్టగానే అండీ."

"మరింకేం," అన్నాడు అధ్యక్షుడు తృప్తిగా. "అంతా పద్ధతి ప్రకారమే ఉంది."

ఇరవై నాలుగు ప్రశ్నలూ అయిపోయాయి. గడువు మిగిలి ఉంది కనుక మళ్లీ మొదటి నుంచి అడిగారు. బయట బడి మూడో పీరియడ్‌లోనే ఉంది. లెక్కల గదిలో రెండు పంపులు నింపుతున్న తొట్టె మూడోసారి పొంగిపోయింది. చరిత్ర మాస్టారు పుస్తకం పూర్తిచేసి, నిన్నటి దాకా వచ్చి, ఇక ఏం జరుగుతుందో చూద్దామని కూర్చున్నారు. ఆటల పీరియడ్ పిల్లలు మైదానం చుట్టూ పరుగెత్తుతూనే ఉన్నారు, ఎందుకో వాళ్లకు గుర్తులేదు. ఒకటో తరగతి మొత్తం బల్లల మీద వాలి నిద్రపోయింది. పెద్ద టీచరుగారు సైన్సు గది దాకా వచ్చి, బోర్డు చదువుకుని, వెనక్కి తిరిగారు. కడ్డీ దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు. దాని పైన "ఇతరులు తాకరాదు" అన్న నోటీసు కింద ఉన్న సంతకం ఆవిడదే. ఆవిడ తన సంతకాన్ని గౌరవించే మనిషి.

మూడో విడత ప్రశ్నలకు వచ్చేసరికి సంఘానికి నీరసం కమ్మింది. "పని మధ్యలో వదిలేస్తావా అని నన్నెవరూ అడగలేదు," అన్నాడు అధ్యక్షుడు ఎటో చూస్తూ. "నా పద్ధతి అది కాదు. నేను మొదట్లోనే వదిలేస్తాను." ఆయనకు చక్కెర జబ్బు ఉంది. భోజనం వేళ దాటడంతో వేళ్లు వణుకుతున్నాయి. గంట మాస్టారు జేబులోంచి, ఏడ్చే పిల్లల కోసం ఉంచుకునే పిప్పరమెంటు బిళ్ల తీసి ఆయన ముందు పెట్టారు.

"ఇది నమోదు చెయ్యమంటారా?" అన్నాడు గుమాస్తా.

"నేను చప్పరించాక చెయ్యి," అన్నాడు అధ్యక్షుడు. కాసేపటికి ఆయన చెయ్యి కుదుటపడింది. "మీరు మంచివారండీ," అన్నాడు. గదిలో మొదటిసారి గంట మాస్టారు 'మీరు' అయ్యారు. (దీనికి మార్కులు లేవు.)

నిబద్ధతాధికారిణి పెన్సిలు తిప్పుతూ మెల్లగా అడిగింది. "ఇన్నేళ్లు టెంపరరీగా ఎలా ఉన్నారండీ?"

"పొద్దున్నే వెళ్లి గంట కొట్టేవాణ్ణమ్మా. మిగతాది దానంతటదే జరిగిపోయింది."

"నాది పదకొండో ఏడు. వచ్చే వారం నాకు ఇంటర్వ్యూ." ఆమె రబ్బరు తీసి, ఆ ఒక్క ఊపిరి ఆలస్యానికి వేసిన పది మార్కుల కోతను ఎవరూ చూడకుండా చెరిపేసింది. మొత్తం అరవై మూడు వచ్చింది. కాగితాన్ని ఆయనకు కనిపించేలా కొంచెం పక్కకు జరిపింది.

గట్టెక్కినట్టే. ఇక కదలకుండా కూర్చుంటే చాలు. కాని అప్పుడు వరండా చివరి నుంచి, నిద్రలేచిన ఒకటో తరగతి ఏడుపు వినిపించింది. అది ఆకలి ఏడుపు. పంతొమ్మిదేళ్లుగా విన్న చెవికి తేడా తెలుస్తుంది.

గంట మాస్టారు కాగితం వైపు ఒకసారి చూశారు. తరవాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచారు.

"వెళితే పోతుందండీ," అంది నిబద్ధతాధికారిణి.

"తెలుసమ్మా. పిల్లలు అన్నాలు తినాలి."

ఆయన గొళ్లెం మీద చెయ్యి వేశారు. అప్పుడు గంట మోగింది.

అది గంటలా లేదు. ఒక దెబ్బ, ఆగి మూడు, మళ్లీ ఎడాపెడా ఏడు. అయినా బడి అంతా కట్ట తెగినట్టు బయటికి వచ్చేసింది. తలుపు తీసేసరికి, తన వంతు కోసం బయట కూర్చున్న బావమరిది కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం చెయ్యను బావా. ఆకలేసింది. క్యారేజీ నీ దగ్గరుంది."

మూడు రోజులకు ఫలితాలు అంటించారు. బావమరిదికి తొంభై రెండు. ఎవరూ చెప్పకుండానే, తన పని కాకపోయినా, నిషేధాన్ని సైతం లెక్కచెయ్యకుండా గంట కొట్టి సంఘాన్ని కాపాడాడు కనుక చొరవ కింద నలభైకి నలభై ఇచ్చారు. అతన్ని ప్రశ్నలు అడగవలసిన అవసరం రాలేదు. (ముప్పై ఒక్కసార్లు నోరు తెరిచి పోగొట్టుకున్నది, ముప్పై రెండోసారి తెరవకపోవడం వల్ల వచ్చింది.) గంట మాస్టారికి యాభై ఎనిమిది. గంట మోగకముందే లేచినందుకు ఐదు తగ్గాయి. కింద ఒక గమనిక కూడా ఉంది: "గంట కొట్టవలసిన వేళలో ఈ అభ్యర్థి గదిలో కూర్చుని కబుర్లు చెబుతూ గడిపాడు. ఇందుకు సంఘమే ప్రత్యక్ష సాక్షి."

బావమరిది ఆ పూట అన్నం ముట్టలేదు. "రాజీనామా చేస్తాను బావా."

"వద్దురా. దానికీ ఇంటర్వ్యూ పెడతారు."

"నా మొహానికి వేళలు తెలుస్తాయా? ఎప్పుడు కొట్టాలో ఎలా తెలుస్తుంది?"

"నేను చెప్తాలే. తిను." కాస్త ఆగి అన్నారు. "కడ్డీకి చుట్టిన ఆ నీలం గుడ్డ విప్పకేం. మొదటి ఏడాది నా చేతికి బొబ్బలెక్కితే మీ అక్క చుట్టింది."

బావమరిది తల దించుకుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

కొత్త ఉద్యోగికి వేళలు తెలియవన్న సంగతి పై అధికారులు త్వరగానే గ్రహించారు. వెంటనే "వేళ సూచక సహాయకుడు" అనే ఉద్యోగం సృష్టించారు. టెంపరరీ. టెంపరరీకి వయోపరిమితి ఉండదు. ఇప్పుడు గంట మాస్టారు వరండాలో బావమరిది పక్కన నిలబడి, మెట్ల మీది ఎండ చూసి, భుజం తడతారు. బావమరిది కొడతాడు. దెబ్బ ఇప్పుడు బాగానే కుదిరింది.

సంవత్సరాంత పరీక్షల్లో ఆఖరి రోజున, నాలుగో గది కిటికీ పక్కన ఒక పిల్ల ఇంకా రాస్తూ ఉంది. గంట మాస్టారి చెయ్యి భుజం దాకా వెళ్లి, గాలిలో ఒక్క ఊపిరి ఆగింది. ఆ పిల్ల చుక్క పెట్టి కలం మూసింది. అప్పుడు తట్టారు.

కాలవిభజన సూచనా నిర్వాహకుడి సమయపాలన ఆదర్శప్రాయమనీ, ఏడాది మొత్తంలో దొర్లిన ఆ ఒక్క ఊపిరి ఆలస్యానికి పక్కనున్న టెంపరరీ మనిషే కారణమనీ వార్షిక నివేదికలో ఉంది.