కాన్సులేట్ వాకిట్లో బిందెల వరుస

ఆ సోమవారం పొద్దున సైఫుల్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. క్యాన్లు కడగాలి, ఎండబెట్టాలి, బ్యారెల్లో ఉన్న డీజిల్‌ను వాటిలోకి నింపాలి, మధ్యాహ్నం ఢిల్లీ నుంచి వచ్చే అధికారికి చూపించాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి?

అతను పనిచేసేది కెల్మారా అనే బుల్లి దేశం తాలూకు కాన్సులేట్‌లో. ఆ దేశం వాళ్ళు మన వేరుశనగ తెప్పించుకుంటారు కాబట్టి అనంతపురంలో ఒక ఆఫీసు తెరిచి, నూనె మిల్లు యజమాని మల్లికార్జునను గౌరవ కాన్సుల్ చేశారు. ఆయన ఎప్పుడూ మిల్లులోనే ఉంటాడు. ఇక్కడ జెండా ఎగరేసేది, ఫోనెత్తేది, జనరేటరు ఆన్ చేసేది అంతా సైఫుల్లాయే. ఎక్కడో సముద్రంలో చమురు ఓడలు ఆగిపోయాయని ఢిల్లీలోని ఎంబసీ కంగారుపడింది. ఇంధనం కొరత వస్తే ఎలా నెట్టుకొస్తారో ప్రతి ఆఫీసూ చేసి చూపించాలంది. చూపించలేని ఆఫీసును బెంగళూరు ఆఫీసులో కలిపేస్తామంది.

ఆ చివరి మాటకే సైఫుల్లాకు నిద్ర కరువైంది. భార్య తబస్సుమ్ టీచరు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె గోరంట్లలో, అతను ఇక్కడ. ఆదివారాల కాపురం. మొన్న జూన్‌లోనే ఆమెకు అనంతపురం బదిలీ అయింది. ఇద్దరూ ఒక ఇంట్లో పొద్దున్నే కలిసి టీ తాగడం అనే సుఖం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. "నువ్వేం చేస్తావో నాకు తెల్దు. ఆఫీసు ఈడే ఉండల్ల" అని ఆమె ఆ పొద్దున కూడా గట్టిగా చెప్పి బడికి పోయింది.

కడిగిన క్యాన్లను వీధి గోడ పక్కన వరుసగా ఎండలో పెట్టి, లోపలికి పోయి ఫ్యాన్ కింద కూర్చున్నాడు సైఫుల్లా. అక్కడే పొరపాటు జరిగింది. అనంతపురంలో పుట్టి పెరిగిన మనిషి చేయకూడని పొరపాటు అది. ఈ ఊళ్ళో వరుస కనిపిస్తే జనం మొదట తమ బిందె పెడతారు, అది దేనికని తర్వాత అడుగుతారు. నీళ్ళ ట్యాంకర్ల కోసం ఏళ్ళ తరబడి నిలబడి ఒంటబట్టించుకున్న చదువు.

అతను బయటికి వచ్చేసరికి క్యాన్ల వెనక ఒక బిందె, ఒక బకెట్టు, ఒక పెయింటు డబ్బా, ఒంటి చెప్పు, కర్చీఫు చుట్టిన రాయి ఉన్నాయి. బిందె ఎదురింటి ముందు ఇడ్లీ బండి పెట్టుకునే మారెక్కది.

"అక్కా, ఏంటికి బిందె పెట్టినావు?"

"ఏంటికో నువ్వే చెప్పల్లప్పా. లైను నీ వాకిట్లో కదా మొదలైంది!"

"ఈడ ఏమీ ఇయ్యడంలేదక్కా. క్యాన్లు ఆరబెట్టినా, అంతే."

"ఏమీ లేకుంటే ఇంతమంది ఊరికే నిలబడినారా?" అంది మారెక్క. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు.

సైఫుల్లా భయపడి మల్లికార్జునకు ఫోన్ చేశాడు. "ఎంబసీ సంగతులు బయట చెప్పగూడదు. ఏమడిగినా రహస్యమను" అన్నాడాయన. సైఫుల్లా వచ్చి అదే మాట అన్నాడు. అయిపోయింది! ఏమీ లేదన్నప్పుడు సగం వీధికి పాకిన వరుస, రహస్యమన్నాక వీధి దాటి టవర్ క్లాక్ వైపు మళ్ళింది. అంతలో, ముందు రోజు బ్యారెల్ తోలిన ఆటో బసప్ప వచ్చాడు.

"రహస్యమేందన్నా? లోపల డీజిల్ ఉండాది. నేనే దింపినా."

"ఫారినోళ్ళు డీజిల్ దాచుకుంటాండారంటే, మనకు ఇంక రాదన్నమాటే!" అని మారెక్క తేల్చేసింది.

ఇక ఆటోలు, ట్రాక్టర్లు పెట్రోలు బంకుల మీద పడ్డాయి. మధ్యాహ్నానికి చుట్టుపక్కల బంకుల్లో స్టాక్ లేదని బోర్డులు వేలాడాయి. అంతవరకు ఊళ్ళో లేని కొరత నిజంగానే వచ్చి కూర్చుంది. మిల్లు లారీలు కదలక మల్లికార్జున ఒక క్యాన్ ఇచ్చి మనిషిని కాన్సులేట్‌కు పంపాడు.

"కాన్సులైతే ఏమప్పా? పొద్దున వచ్చి బిందె పెట్టినాడా?" అని మారెక్క ఆ క్యాన్‌ను వరుస చివరికి తోలింది.

సైఫుల్లా గడియారం చూసుకున్నాడు. అధికారి వచ్చే వేళైంది, వీధిలో సైకిల్ పట్టే సందు లేదు. పొమ్మంటే ఒక్కరూ పోరు. వరుసను తప్పించాలంటే దానికి ఏదో ఒకటి పోయడం తప్ప మార్గం లేదని అతనికి తోచింది. అల్లాను తలచుకుని బ్యారెల్ బయటికి దొర్లించి, తలా ఒక లీటరు పోయడం మొదలుపెట్టాడు. పోట్లాట లేదు, తోపులాట లేదు. ఒంటి చెప్పు పెట్టినవాడు కూడా వరుసలో తన చోటుకే వచ్చి, పట్టుకోవడానికి ఏమీ లేక మారెక్క చెంబు అడుక్కున్నాడు.

బ్యారెల్ అడుగు గీకుతుండగా చిట్టచివర ఒకావిడ నీళ్ళ సీసా చాపింది.

"ఇక్కడ ఏమిస్తున్నారో నాకు తెలియదు. వరుసలో రమ్మని ఆ ఇడ్లీల ఆవిడ కోప్పడితే నిలబడ్డాను" అందామె. "నా పేరు అశ్విని. ఢిల్లీ ఎంబసీ నుంచి వస్తున్నాను. జనరేటరు వేసి చూపిస్తారా?"

సైఫుల్లా ఖాళీ బ్యారెల్ చూపించాడు. "మేడమ్... డీజిల్ లేదు. అంతా పంచేసినా. అసలు ఏమైందంటే..."

"చూశాను కదండీ! ఊరంతటితో కలిపి డ్రిల్లు చేయించారు!" అంది అశ్విని. "పోయిన వారం మా ఎంబసీలో డ్రిల్లని లైట్లు ఆర్పితే, ఒక్క టార్చి కోసం అధికారులు చొక్కాలు చింపుకున్నారు. ఇంత క్రమశిక్షణ మీరెలా నేర్పారు?"

నేర్పింది తాను కాదని, ఇదంతా తన పొరపాటని చెప్పాలని సైఫుల్లా నోరు తెరిచాడు. బెంగళూరు గుర్తొచ్చింది. తబస్సుమ్‌తో కలిసి తాగే టీ గుర్తొచ్చింది. నోరు మూసుకుని, వినయంగా నవ్వాడు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. అనంతపురం ఆఫీసు ఉన్నచోటే ఉంటుందని మొదటి వాక్యంలో ఉంది. తబస్సుమ్ సంతోషం పట్టలేక అతని చెయ్యి పట్టుకుంది. రెండో వాక్యం చదివాక ఆ చెయ్యి వదిలేసింది. ఎంబసీ సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి సైఫుల్లా వెంటనే ఢిల్లీకి రావాలట.

"ఎన్నాళ్ళంట?" అందామె.

"ఢిల్లీ వాళ్ళకు లైన్లో నిలబడేది వచ్చేదాకా అంట."

వాళ్ళకు ఇంకా రాలేదు.