నరం మీద ఫొటో

ముఖంలో నొప్పి ఉన్న పౌరుడెవరూ ఇకమీదట ముఖం చిట్లించనక్కర్లేదని ఆరోగ్యశాఖ మంత్రిగారు పెద్దాసుపత్రి మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మెదడును ఫొటో తీసే యంత్రం వచ్చేసింది, ఇక నొప్పికి దాక్కునే చోటు లేదు అన్నారు. చప్పట్లు కొట్టనివాడు గొడుగుల వ్యాపారి ఒక్కడే. చప్పట్ల గాలి తగిలినా ఆయన ఎడమ చెంపలో పిడుగు పడుతుంది.

ముఖం నరం జబ్బు. నోరు తెరిస్తే నొప్పి. మండుటెండలో వాన భయం పుట్టించి గొడుగులు అమ్మిన మనిషి ఇప్పుడు మాటల్ని అడుగంటిన సరుకులా ఆచితూచి బయటికి తీస్తున్నాడు. కొట్లో గిరాకీకి పోను ఇంట్లో భార్యకు "ఊ" ఒక్కటే మిగులుతోంది. మొగుడు ఇంత నెమ్మదస్తుడైనందుకు ఆవిడ మొదట మురిసిపోయింది, తరవాత భయపడి ఇక్కడికి లాక్కొచ్చింది.

డాక్టరమ్మ పద్ధతి చెప్పింది. ముందొక ఫొటో, కొన్నాళ్ళు మందు, మళ్ళీ ఒక ఫొటో. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మందు పనిచేసిందో లేదో తేలుతుంది. చేయకపోతే ఆపరేషన్. వ్యాపారికి నచ్చింది. సరుకు దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ తూకం వేయడం ఆయనెరిగిన పనే.

యంత్రం దడదడలాడింది. ఫిల్ము వచ్చింది. అందులో మంత్రిగారు నమస్కారం పెడుతున్నారు, సరిగ్గా ఎడమ నరం ఉండాల్సిన చోట. కంప్యూటర్లో చూద్దామంటే అక్కడా ముందే వచ్చి కూర్చున్నారు.

"ఆయన్ని కాస్త పక్కకి జరపండి బాబూ," అంది భార్య.

"కుడికి జరిపితే కుడివైపు నొప్పివాళ్ళు ఏమనుకుంటారమ్మా? మా సారు అందరి మనిషి," అన్నాడు యంత్రం పక్కనే మకాం వేసిన మంత్రిగారి పీఏ.

మంత్రిగారి ఫొటో వల్ల సరిగా కనిపించడం లేదని డాక్టరమ్మ పై ఆఫీసుకు రాసింది. పైవాళ్ళు పనిమంతులు. 'వల్ల' ఒక్కటి వదిలేసి మిగతాదంతా శ్రద్ధగా చదివారు. ఫొటో సరిగా కనిపించడం లేదని బాధపడి, దాన్ని రెట్టింపు చేశారు.

ఫిల్ములు పంచడానికి మంత్రిగారు స్వయంగా వేంచేశారు. వ్యాపారి అప్పటికి రెండు రోజులుగా కొట్టు మూసి, "ఊ" కూడా అనకుండా మాటలు కూడబెట్టాడు. వరసలో తన వంతు రాగానే అన్నీ ఒక్కసారిగా ఖర్చుపెట్టాడు.

"సారూ, మీ బొమ్మ ఉన్నచోట నా నరం ఉందండీ."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "విన్నారా? తన నరనరానా నేనే ఉన్నానంటున్నాడు," అని కెమెరాల వైపు తిరిగి, వ్యాపారి ఎడమ చెంప మీద ఆప్యాయంగా తట్టారు.

పిడుగు పడింది. వ్యాపారి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. అలాంటి ఆనందబాష్పాలు తమ సర్వీసులో చూడలేదని మర్నాడు పేపర్లు రాశాయి.

మందు కోర్సు పూర్తయింది. చెంపలో పిడుగులు తగ్గినట్టూ ఉన్నాయి, తగ్గనట్టూ ఉన్నాయి. ఏ సంగతైనా రెండో ఫిల్ములో తేలాలి. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమ్మా, పనిచేసిందా?" అని అడిగింది భార్య.

డాక్టరమ్మ ఫిల్మును ఆవిడ చేతికిచ్చింది. నరం ఉండాల్సిన చోట వ్యాపారి ఏడుస్తున్నాడు. చెంప మీద ఒక చెయ్యి ఉంది.

"మీరడిగినట్టే మా సారు పక్కకి జరిగారమ్మా," అన్నాడు పీఏ.